కునుకు మావయ్య ఉత్థాన పర్వం

మధ్యాహ్న మార్తాండుడు నడినెత్తికెక్కి రాజవీథులను పెనమువలె కాల్చుచుండగా, శీతలయంత్ర మందమారుత సేవితమైన శాసనసభా మందిరమున, భుక్తాయాస భారావనత నేత్రులైన ప్రజాప్రతినిధులు ఒకరి భుజముపై ఒకరు ఒరగక ఒరుగుచున్న ఆ శుభవేళ, మాన్యులారా, రాతి గుర్రము రద్దు బిల్లు సభకు వచ్చినది. తీరికగా వినుడు, అచట ఎవరికిని తొందర లేదు.

నగరమధ్య కూడలిలో ముంగాళ్లెత్తి నిలిచిన ఆ గుర్రమునకు జాతీయ స్మారకమను హోదా తీసివేయవలెనట, ఖజానానుండి దాని పోషణకిచ్చు సొమ్ము ఆపవలెనట, పిమ్మట దానిని పెకలించి కార్లు నిలుపుకొనుటకు చోటు చేయవలెనట. ఏలినవారి బుద్ధికి మనమేమందుము!

ఇక కథానాయకుడు. వెనుక వరుసలో, నిద్రాముద్రాలంకృతుడు, మోకాటినొప్పుల మహారథుడు, ఎన్నిమార్లు గెలిచినను సభలో ఒక్కమారైన లేచి ఎఱుగని వృద్ధసభ్యుడొకడు కలడు. అందఱు అతనిని కునుకు మావయ్య అందురు. ఎదుటనే అందురు, అతడు నిద్రలో వినడు గనుక.

ఆ సభలో ఒక ఆచారము కలదు. ప్రతి బిల్లునకు అధ్యక్షుడు కొయ్యసుత్తితో మూడు దెబ్బలు కొట్టును. మూడవ దెబ్బ పడులోపల ఒక్కడు లేచి నిలిచినను బిల్లు ఆగి, వచ్చే గురువారము చర్చకు పోవును. ఎవ్వడును లేవకున్న, కూర్చున్నవారెల్ల ఒప్పుకొన్నట్లే, గుఱక పెట్టినవారు మఱింత గట్టిగా ఒప్పుకొన్నట్లు. ఈ లెక్కన మావయ్య ఒప్పుకొనని బిల్లు ఆ దేశమున లేదు.

కాని ఆనాటి ఉదయము ఆయన ఇల్లాలు చెప్పులు తొడిగించుచు చెప్పిన మాట వేఱు.

"ఆ గుర్రం మొత్తం పెద్ద శిల్పి ఖాతాలో పోయింది. కుడి వెనక కాలి గిట్ట ఒక్కటే మా నాన్న చెక్కింది. ఆయన ఫోటో కూడా లేదు మనింట్లో. ఆ గిట్ట పోతే మా నాన్నది ఇంకేం మిగల్దు. మీరివాళ లేస్తారో లేవరో నేనే వచ్చి చూస్తా."

"అలాగేలే," అన్నాడు మావయ్య. ఆ మాట ఆయన ఇంటిలో దేనికైనను అనును. అందుకే ఆమె సభకు పైనున్న సందర్శకుల వరుసలో ముందుగా వచ్చి కూర్చున్నది.

ఠప్పున మొదటి దెబ్బ పడెను. మావయ్య కన్ను తెఱచెను, పైకి చూచెను. పైనుండి ఆమె చూచుచున్నది. అంతట ఆ వీరుడు ఇరుచేతులను కుర్చీ చేతులపై మోపి, ఉచ్ఛ్వాస నిశ్శ్వాస గర్జితముగా పైకి పొంగెను. హా, ఆ కుర్చీ సామాన్యమా! ఏండ్ల తరబడి ఆయన బరువు మోసి, ఆయన ఆకారమే దాల్చి, దిగినవాని నడుము మ్రింగి మోకాళ్లను గడ్డముదాక లేపు దుర్గమది. పొంగినవాడు పొంగినట్లే దిగబడెను.

అప్పుడా మహారథుడు తన జానుద్వయమును ఉద్దేశించి మనసులో ఇట్లనెను: "ఓ జానువులారా, మెట్లెక్కమన్న మొరాయించితిరి, సహించితిని. చలికి మూల్గితిరి, కంబళి కప్పితిని. నేడొక్క నిమిషము నా మాట నిలుపుడు. లేకున్న సాయంత్రము ఇంటికి పోవలసినది మీరును నేనును కలిసియే." జానువులు కటుక్కుమని మాత్రము బదులిచ్చినవి.

రెండవ దెబ్బ పడెను. ప్రక్కసీటులోని పార్టీ విప్, అనగా ఎవరు లేవవలెనో ఎవరు కూర్చుండవలెనో చూచుకొను కుఱ్ఱనాయకుడు, తల త్రిప్పెను.

"ఏంటి మావయ్యా, ఏమైంది?"

"కాలు పట్టేసింది నాయనా. కాస్త చెయ్యివ్వు."

విప్ మంచివాడు. పాపము, చంకలో చేయి వేసి, ఒక్క ఊపున లాగెను. పెద్దగోనె బండి మీదికెక్కినట్లు మావయ్య లేచి నిటారుగా నిలిచెను. అధ్యక్షుని సుత్తి గాలిలో ఆగెను.

"బయటికి వెళ్లిరండి మావయ్యగారూ," అన్నాడు అధ్యక్షుడు దయగా. "ఏం అభ్యంతరం లేదు."

"నాకుందండి."

"వెళ్లడానికా?"

"బిల్లుకండి."

నిద్రించువారు మేల్కొనిరి. విప్ తన చేతిని తానే చూచుకొని, "కొంప ముంచావు కదా మావయ్యా," అని గొణిగెను.

"కారణం చెప్పండి మరి," అన్నాడు అధ్యక్షుడు.

మావయ్య ఉపన్యాసము రానివాడు, వచ్చినంత చెప్పెను. "దాని వెనక కాలి గిట్ట మా మామగారు చెక్కారండి. మిగతా గుర్రం సంగతి నాకు తెలీదు. గిట్ట మాత్రం బావుంటుంది. మీరంతా ఒకసారి వెళ్లి చూడండి, చూశాక కొట్టండి సుత్తి."

పైవరుసలో ఆమె చీరచెంగుతో కండ్లు ఒత్తుకొన్నది. అధ్యక్షుడు సుత్తిని బల్లపై ఊరక పెట్టి, "గురువారానికి," అన్నాడు.

తదుపరి మావయ్య కూర్చుండవలె గదా. మోకాళ్లు వంగలేదు. ఒకమారు నిలిచిన జానువులు నిలిచియే తీరుదుమని పట్టుపట్టినవి. నిలిచినవాడున్నాడు గనుక, ఆ పూట వచ్చిన తక్కిన బిల్లులును, మంత్రుల జీతములు పెంచు బిల్లుతో సహా, ఒకటొకటిగా గురువారమునకే పోయినవి. విప్ ఎంత వంచినను లాభము లేకపోయెను.

సాయంత్రము ఆలుమగలు కూడలికి నడచిరి. ఆమె గిట్టపై పేరిన దుమ్మును అరచేతితో తుడిచినది.

"గురువారం కూడా లేవాలి మీరు," అన్నది చివరకు.

"అలాగే," అన్నాడు మావయ్య. ఈమాఱు 'లే' అనలేదు.

ఇట్లు సకల శాసన స్తంభన ధురీణుడైన కునుకు మావయ్య సాధించిన దిగ్విజయమువలన, మహాజనులారా, ఆ దేశపు జాతీయ స్మారకము, నాలుగు గిట్టలతో, బుధవారము రాత్రి వఱకు క్షేమము.