భుజాలు మారిన శాలువా

హనోయ్‌లో ఆఖరి రోజు పొద్దున్న పదింటికల్లా కృపారాణి భర్తను హోటల్ బయటికి పంపేసింది. మళ్లీ ఈ దేశం రాబోతామా, ఆ చెరువు చుట్టూ ఓ అరగంట నడిచి రండి అంది. ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ భర్తను నడవమనడం అదే మొదటిసారి. రిటైర్డ్ హెడ్మాస్టరు రాజరత్నం గారికి అనుమానం రావాల్సింది. రాలేదు. ఎదుటివాళ్లు చెప్పేది పూర్తిగా వినే అలవాటు ఆయనకు ఉద్యోగంలో చేరిన కొత్తల్లోనే పోయింది.

ఆయన అటు వెళ్లగానే టిఫిన్ హాల్లో హడావిడి మొదలైంది. నరసాపురం, మొగల్తూరుల నుంచి వియత్నాం చూడ్డానికి వచ్చిన ఇరవై మందీ కలిసి కుర్చీలు వరసగా వేశారు. సగం మంది టీచర్లే కాబట్టి వరస చక్కగానే వచ్చింది. ఆ రోజు రాజరత్నం గారికి సన్మానం. ఆ సంగతి ఆయనకు తప్ప అందరికీ తెలుసు.

సన్మానాలంటే ఆయనకు కొత్త కాదు. సర్వీసు మొత్తం మీద వందకు పైగా పదవీ విరమణ సభలు దగ్గరుండి జరిపించాడు. దండ ఎప్పుడు వెయ్యాలో, శాలువా మడత ఎలా విప్పాలో, ఎవరి ప్రసంగం ఎక్కడ తుంచాలో, తనది తప్ప, ఆయనకు తెలిసినట్టు మరొకరికి తెలియదు. అలాంటి మనిషి కరోనా ఏడాది రిటైరయ్యాడు. మూతికి గుడ్డ కట్టుకుని, ఆఫీసు కిటికీలోంచి కాగితం అందుకుని, ఇంటికొచ్చి అన్నం తిన్నాడు. సభ లేదు, శాలువా లేదు. పైకేమీ అనలేదు గానీ, ఆ వారమంతా కంచం ముందు నుంచి సగంలోనే లేచిపోయేవాడు. అది చూసిన కృపారాణికి ఇప్పటికీ ముద్ద మింగుడు పడదు.

అందుకే ఆవిడ మీగడ రంగు శాలువా ఒకటి కొని, అంచు చుట్టూ లేసు తన చేత్తోనే అల్లింది. ఆయన కంటపడకుండా పక్కింట్లో కూర్చుని ఆరు నెలలు అల్లింది. తెలిసినవాళ్లూ, తీరికా, హాలూ ఒక్కచోట దొరికేది ఈ ఒక్క పూటే. పదకొండింటికి బస్సు, మూడింటికి విమానం. ఇంటికెళ్తే మళ్లీ ఎవరి గొడవ వాళ్లది.

రాజరత్నం గారు పది నిమిషాల్లో తిరిగొచ్చాడు. కళ్లజోడు మర్చిపోయాడట. హాల్లో వరసగా కుర్చీలు, ముందు కుర్చీలో శాలువా, పక్కన టీ తాగుతున్న గైడు తువాన్ కనిపించారు. సన్మానం గైడుకేనని ఆయన లెక్క తేలిపోయింది. శాలువా కనిపిస్తే ఊరికే వదిలేసే మనిషి కాదాయన. ఎంత మంచి ఆలోచన చేశారండీ, నాతో ఒక్కమాటంటే ప్రసంగం రాసుకొచ్చేవాణ్ణి కదా అంటూ దాన్ని ఒక్క విదిలింపుతో విప్పి తువాన్ భుజాల మీద కప్పేశాడు.

కృపారాణికి నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. అత్త సొమ్ము అల్లుడు దానం చెయ్యడం విన్నాం గానీ, తన సొమ్మే తెలియక దానం చేసినవాడు ఈయనేనేమో. రాసుకు రాని ఆ ప్రసంగం ఇరవై నిమిషాలు సాగింది. అందులో ఆయన ఇక్కడి ఎర్ర నదికీ మన గోదావరికీ చుట్టరికం కలిపేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఏం చేస్తారు, అలవాటు.

"రూబీ, నువ్వే ఎలాగోలా చెప్పమ్మా. ఆ అబ్బాయి నొచ్చుకోకూడదు, మాస్టారికి తెలియకూడదు, శాలువా నా చేతికి రావాలి" అంది కృపారాణి.

రూబీ మాస్టారి శిష్యురాలు, బ్యాంకు ఉద్యోగి, ఇంగ్లీషు గడగడా మాట్లాడుతుంది. కానీ ఎంత ఇంగ్లీషు వచ్చినా గోదావరి మనిషేగా. ఇది నీది కాదు అనడానికి నోరు రాలేదు. మా వైపు శాలువా అంటే పెద్ద గౌరవమండీ, అది ఒక్కరి దగ్గరే ఉండిపోకపోతే ఇంకా మంచిదండీ, వేరే భుజం మీదికి కూడా వెళ్లాలండీ అని ఎంతో మర్యాదగా చెప్పింది. తువాన్ ముఖం వెలిగిపోయింది. అందుకున్నవాడు మరొకరికి కప్పడమే ఆచారమని అర్థం చేసుకుని, నేరుగా వెళ్లి బస్సు డ్రైవరుకి కప్పేశాడు. ఆచారం కూడా వివరించాడు.

రాజరత్నం గారి సంతోషానికి పట్టపగ్గాల్లేవు. మన సంస్కారం పరాయి దేశంలో ఎంత త్వరగా అంటుకుందో చూశారా అంటూ బస్సు మెట్టెక్కి రెండో ప్రసంగం అందుకున్నాడు. కృపారాణి చెయ్యి చాపుకుంటూ డ్రైవరు దగ్గరికి వెళ్లింది. అభినందించడానికి వచ్చిందనుకుని అతను ఆ చేతిని రెండు చేతులా పట్టుకుని ఊపాడు. ప్రసంగం అయ్యేసరికి శాలువా హోటల్లో గదులు తుడిచే ఆవిడ మీద ఉంది. హోటల్ వాళ్లంతా బయటికొచ్చి ఈలలు వేస్తున్నారు. ఈసారి మూడో ప్రసంగం.

"మాస్టారూ, పదకొండూ పది" అన్నాడు వీరాస్వామి. రిటైర్డ్ గుమాస్తా, బృందానికి గడియారం. పన్నెండు దాటితే విమానం మీద ఆశ వదులుకోవచ్చని ప్రతి ఒక్కరి చెవిలోనూ విడివిడిగా చెప్పాడు. ఇంతలో తుడిచే ఆవిడ డ్యూటీ దిగి, గేటు దాటి, రోడ్డు దాటి, అవతలి పేవ్‌మెంటు మీద నూడుల్స్ అమ్ముకునే ముసలావిడకు శాలువా కప్పేసి ఇంటికెళ్లిపోయింది.

ఆ రోడ్డు మీద స్కూటర్లు ఆగవు. ఇన్ని రోజులూ తువాన్ చెయ్యి పట్టుకుంటే తప్ప కృపారాణి రోడ్డు దాటలేదు. ఇప్పుడు చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని, "యేసయ్యా, నీదే భారం" అని ఒంటరిగా దిగిపోయింది. స్కూటర్లే పక్కకి తప్పుకున్నాయి. వెనక ఇరవై మందీ పరిగెత్తారు. రూబీ ఆ పరుగులోనే తువాన్‌కి అసలు సంగతి చెప్పేసింది. పాపం, అతని ముఖం తెల్లబోయింది.

తువాన్ ముసలావిడ ముందు స్టూలు మీద కూర్చుని బతిమాలాడు. శాలువాను ఆ పెద్దాయనకు కప్పాలన్నాడు. ఆవిడ వింటోందో లేదో, లేసు అంచును రెండు వేళ్ల మధ్య తిప్పి చూస్తోంది. తర్వాత ఏదో అడిగింది. ఇది ఎవరు అల్లారని అడుగుతోందన్నాడు తువాన్. అందరి చేతులూ కృపారాణి వైపు తిరిగాయి.

ముసలావిడ లేచింది. శాలువా తీసి, దులిపి, కృపారాణి భుజాల మీద కప్పింది. ఆవిడ చేతివేళ్లు పట్టుకుని చూస్తూ ఒక మాట అంది. తువాన్ దాన్ని మెల్లగా చెప్పాడు.

"ఇంత పని చేసిన చేతులకి ఇంతవరకూ ఎవరూ కప్పలేదా అంటున్నారు."

నాలుగో ప్రసంగానికి గొంతు సవరించుకుంటున్న రాజరత్నం గారు అంచు దగ్గరగా పట్టుకుని చూశాడు. పొద్దుటి నుంచీ దాన్ని చూస్తూనే ఉన్నాడు గానీ, అది చూపు కాదని అప్పుడు తెలిసింది.

"నువ్వు అల్లావా? ఎప్పుడు? ఎవరి కోసం?"

"మీ కోసమేనండి. రిటైరైన రోజు మీకెవరూ కప్పలేదు కదా" అంది కృపారాణి. "ఈ పూట మీకే సన్మానం అనుకున్నామండి. మీరేమో ఊళ్లో అందరికీ పంచిపెట్టేశారు."

ఆవిడకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. శాలువా తీసి ఆయనకు కప్పింది. ఆయన దాని ఒక కొస పట్టుకుని ఆవిడ భుజం మీదికి కూడా లాగాడు. నూడుల్స్ తింటున్నవాళ్లతో సహా అందరూ చప్పట్లు కొట్టారు. మాస్టారూ, రెండు మాటలు అంది రూబీ. వీరాస్వామి గడియారం చూసుకున్నాడు. పన్నెండుకి ఇంకా అయిదే నిమిషాలు.

రాజరత్నం గారు నోరు తెరిచాడు. "సభకు" అన్నాడు. ఆ తర్వాత మాట రాలేదు. మళ్లీ ప్రయత్నించాడు. కళ్లు నీళ్లతో నిండి, చివరికి చేతులెత్తి దణ్ణం పెట్టేసి భార్య పక్కనే ఆ చిన్న స్టూలు మీద కూలబడ్డాడు.

సన్మానగ్రహీత స్పందన లేకుండా సభ ముగిసినందువల్ల, విమానం అందింది.