మంత్రిగారికి మైనస్సా!

"కోనసీమలో ఇకమీదట కంప్యూటర్లు కూడా ప్రొటోకాల్ పాటిస్తాయి" అని మంత్రి బాపిరాజుగారు అమలాపురంలో ప్రకటించగానే మా గుండెలు పొంగిపోయాయి. ఇంతకాలం వాటికి మర్యాద తెలియదన్న సంగతే మాకు తెలియదు.

ఆ రోజు తుఫాను హెచ్చరిక వచ్చింది. మా బావ నూకయ్య అంతర్వేది నుంచి వేటకెళ్ళి ఇంకా సముద్రం మీదే ఉన్నాడు. అక్క ఫోన్లో ఒకటే ఏడుపు. విలేకరిని గనక కంట్రోల్ రూములోకి నన్ను రానిచ్చారు. బోట్లకు హెచ్చరిక మెసేజీలు పంపే సర్వర్ అక్కడే ఉంది. అందులోనే మంత్రిగారి పుట్టినరోజు వీడియో కూడా తయారవుతోంది. దాంతో రెండు పనులూ ఈడ్చుకుంటూ సాగుతున్నాయి.

ఇంజనీరు భవాని, అక్కడికొచ్చిన మంత్రిగారికి తెరమీద వరసలు చూపించింది. "ప్రతి పనికీ ఓ నైస్ నంబరు ఉంటుందండీ. ఇప్పుడు రెండిటికీ సున్నాయే. నంబరు ఎంత తగ్గిస్తే దానికి అంత ముందు వంతొస్తుందండీ. మైనస్ ఇరవై అన్నిటికన్నా ముందు. ప్లస్ పందొమ్మిది అన్నిటికన్నా వెనక."

ఆయన పక్కనున్న పీఏ అంజిబాబు ఉలిక్కిపడ్డాడు. "మంత్రిగారికి మైనస్సా! ఎంత మాటన్నారండీ!"

"అదే ముందు వరసండీ..."

"ఆయ్, అయితే మాత్రం? మొన్న స్టేజీ మీద కుర్చీ పొట్టిదయిందని తహశీల్దారుగారు ట్రాన్స్‌ఫరైపోయేరు. ప్లస్సే వెయ్యండి. ఎంత పెద్దదుంటే అంత."

మంత్రిగారు చల్లగా నవ్వారు. "మరి ఆ మైనస్ ఎవరికిస్తారమ్మా?"

"బోట్లవాళ్ళకి ఇచ్చెయ్యనాండీ?"

"ఇచ్చెయ్యమ్మా. వాళ్ళకలవాటే."

భవాని రెండు కమాండ్లు కొట్టింది. మెసేజీలు జోరందుకున్నాయి. సాయంత్రానికి బోట్లన్నీ ఒడ్డుకు చేరాయి. బావను చూశాక గానీ నాకు ఊపిరాడలేదు. తుఫాను తీరం దాటేదాకా మెసేజీలు వెళ్తూనే ఉన్నాయి, వీడియో మాత్రం కేకు కొయ్యడం దగ్గరే ఆగిపోయింది.

అభినందన సభ పెట్టారు. "మా ప్రభుత్వంలో ప్రజలకెప్పుడూ మైనస్సే!" అని మంత్రిగారు గర్జించారు. అందరితోపాటు నేనూ చప్పట్లు కొట్టాను, మనస్ఫూర్తిగానే.

స్టేజీ దిగుతూ ఆయన భవానిని పిలిచారు. "నా వీడియో ఎందుకాగిందమ్మా?"

ఆవిడ మళ్ళీ మొదటినుంచీ చెప్పింది. ఈసారి మంత్రిగారు అడ్డు రాకుండా విన్నారు. "ఓహో" అన్నారు.

మర్నాడు ఆయన ప్రకటనను నేనే పేపరుకు పంపాను. ప్రజల కష్టాల్లో పాలుపంచుకోవడానికి మైనస్ ఇరవైని ఇకపై మంత్రిగారే భరిస్తారట. బోట్లవాళ్ళకు పెద్దమనసుతో ప్లస్ పందొమ్మిది మంజూరు చేశారు.

ఆ వార్తను బావ నాచేత రెండుసార్లు చదివించుకున్నాడు. బయట ఎండ ఫెళ్ళున కాస్తోంది, సముద్రం నిమ్మళంగా ఉంది. బావ వెళ్ళి బోటును ఇసకమీదికి లాగించి కట్టేశాడు.