గ్రాముల మాస్టారి బీకన్

పోటీ ఉన్న రోజున మాస్టారు పొద్దున్నే వంటింటి కాటా తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టుకుంటారు. వెంట తీసుకెళ్లే ప్రతి వస్తువూ దాని మీదికి ఎక్కి దిగాల్సిందే. ఆ రోజు టోపీ లోపలి చీటీ కత్తిరించారు, పెన్సిల్‌ను సగానికి విరిచారు, మంచినీళ్ల సీసాలో సగం ఒంపేశారు. పెద్ద ఫోన్ ఇంట్లో వదిలేసి, తొంభై గ్రాములు తక్కువ తూగే పాత ఫోన్ జేబులో వేసుకున్నారు. ఇంజిన్ లేని గ్లైడర్ గాలిని నమ్ముకుని ఎగరాలి కాబట్టి ప్రతి గ్రామూ తన శత్రువేనని ఆయన లెక్క. బడిలో లెక్కలు చెప్పే ఆయనకు క్లబ్బులో గ్రాముల మాస్టారని పేరొచ్చింది అందుకే.

ఆ సాయంత్రమే క్లబ్బులో ఓటింగు. పోటీలో ఎగిరే ప్రతి గ్లైడర్‌లోనూ బీకన్ తప్పనిసరి చేయాలా, వద్దా? గట్టి దెబ్బ తగిలితే తనంతట తానే సహాయ కేంద్రానికి కబురు పంపే చిన్న పెట్టె అది. వద్దనేవాళ్లకు నాయకుడు మాస్టారే.

"ఎగరకముందే పడిపోవడానికి ఏర్పాట్లేమిటే? ఇరవై రెండేళ్లుగా నేనెక్కడ దిగినా నువ్వొచ్చి పట్టుకోవడం లేదూ?" అన్నారు భార్యతో.

"వెతికేదాన్ని నేను కాబట్టే అడుగుతున్నానండీ. పోయినసారి మీకోసం మూడు ఊళ్లు తిరిగాను. మీరు కనబడేదాకా నా ప్రాణం నా దగ్గర లేదు."

మాస్టారు ససేమిరా అన్నారు. ఆవిడ వాదన మానేసి, తమ్ముడి చేత ఓ బీకన్ కొనిపించి, సహాయ కేంద్రంలో తన ఫోన్ నంబరు రాయించి, గ్లైడర్ సీటు కింద పెట్టించింది. కానీ సీటు కింద చెయ్యి పెట్టి చూడకుండా ఎగిరే మనిషా ఆయన? మూడు వందల గ్రాముల పెట్టె చేతికి తగిలింది. పెళ్లాంతో గొడవెందుకని కిమ్మనకుండా దాన్ని పాత తువ్వాలులో చుట్టి, ఆవిడ కారు డిక్కీలో జాకీ పక్కన దాచేసి, హాయిగా ఎగిరిపోయారు.

మధ్యాహ్నం అక్కాతమ్ముళ్లు కారుకు గ్లైడర్‌ను మోసుకొచ్చే ట్రైలర్ తగిలించుకుని, ఆయన తిరగాల్సిన చివరి మలుపు ఉన్న తూర్పు దిక్కుకు బయలుదేరారు. స్పీడ్ బ్రేకర్ దగ్గర కారు ఎగిరిపడింది. డిక్కీలో జాకీ దొర్లి బీకన్ మీద పడింది. రెండు నిమిషాల్లో ఆవిడ ఫోన్ మోగితే తమ్ముడు స్పీకర్ పెట్టాడు.

"సహాయ కేంద్రం నుంచి మాట్లాడుతున్నానమ్మా. మీవారి బీకన్ మోగుతోంది. పాత మిల్లు రోడ్డు మీద."

ఆవిడ రోడ్డుకు రెండు పక్కలా చూసింది. "మేమూ ఆ రోడ్డు మీదే ఉన్నాం! ఇక్కడెవరూ పడలేదే?"

"ఉండండి... కదులుతున్నారు. తూర్పుకు వెళ్తున్నారు. గంటకు అరవై కిలోమీటర్లు."

"అయితే ఇంకా ఎగురుతూనే ఉన్నాడక్కా!" తమ్ముడు కిటికీలోంచి తల బయటపెట్టి ఆకాశమంతా గాలించాడు. "పోనీ, పోనీ, వెనకబడతాం!"

ఆవిడ వేగం పెంచింది.

"ఇప్పుడు ఎనభై!" అంది ఫోన్‌లోని అమ్మాయి.

"బావ మన చేతికి చిక్కేలా లేడక్కా!"

ఆయాసపడి ఆవిడ కారు పక్కకు ఆపింది.

"అయ్యో, ఆగిపోయారమ్మా!"

"పడిపోయాడక్కా!"

ఆవిడ కేకపెట్టి మళ్లీ కారు ఉరికించింది.

"బయల్దేరారు!"

"హమ్మయ్య, లేచాడు!"

అప్పటికే వెనక సహాయ కేంద్రం బండి కుయ్యోమంటూ తగులుకుంది. పైన హెలికాప్టర్ వచ్చి చేరింది. ఊరేగింపు అలా పన్నెండు కిలోమీటర్లు సాగింది.

"దొరికారమ్మా!" అంది ఉన్నట్టుండి ఆ అమ్మాయి. "మొక్కజొన్న చేలో గ్లైడర్ కనబడిందట. లోపలున్నాయన చెయ్యి ఊపుతున్నారు. వింతేమిటంటే, బీకన్ మాత్రం ఆయనకు నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉంది."

ఆవిడ బ్రేకు వేసింది. వెనక బండి మనిషి చేతిలో కూతపెట్టే పరికరంతో వచ్చి, కారు చుట్టూ ఓసారి తిరిగి, డిక్కీ తెరిచాడు. తువ్వాలులోంచి ఎర్రలైటు కన్నుకొడుతోంది. ఆ తువ్వాలు ఎవరిదో ఆవిడకు ఒకరు చెప్పాల్సిన అవసరం లేదు.

మాస్టారు నిజంగానే ఇరుక్కుపోయారు. గాలి మొండికేస్తే చేలో దిగారు, గ్లైడర్ పక్కకు ఒరిగి తలుపు బిగుసుకుపోయింది. పాత ఫోన్ ఎప్పుడో చచ్చింది. మనిషెత్తు చేలో రెండు గంటలుగా అరుస్తుంటే విన్నవాళ్లు లేరు. తలుపు పగలగొట్టి బయటికి తీసేసరికి గొంతు ఎండిపోయి ఉంది. ఆవిడ ఆయన్ని పట్టుకుని బావురుమంది. ఆయన కళ్లు కూడా చెమర్చాయి. కానీ సీసాడు నీళ్లు కడుపులో పడగానే ప్రాణం లేచొచ్చింది, నోరూ లేచొచ్చింది.

"చూశావా! ఏ బీకనూ లేకుండానే హెలికాప్టర్ వచ్చేసింది. నీ మనసుకే తెలిసిపోయింది!"

ఆవిడ తువ్వాలు మూట ఆయన చేతిలో పెట్టింది. మాస్టారు విప్పి చూశారు. లైటు ఆయనకూ కన్నుకొట్టింది. ముందు తమ్ముడు ఫక్కుమన్నాడు, తర్వాత ఆవిడ. చివరికి మాస్టారు కూడా పొట్ట పట్టుకుని చేలోనే కూలబడ్డారు.

సాయంత్రం ఓటింగులో అందరికంటే ముందు లేచిన చెయ్యి ఆయనదే. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. బీకన్ "తప్పనిసరిగా ఉండాలి" అన్నచోట "గ్లైడర్‌లో" అనే మాట మాత్రం ఆవిడ పట్టుబట్టి చేర్పించింది.