నూటనాలుగో బ్లాకు డాక్టరుగారు

గురువారం పొద్దున నం గిల్సుకు మూడే పనులు. ప్లాస్టిక్ సీసాలు, అట్టపెట్టెలు వేరుచేసి కిందికి దింపాలి. సామూహిక స్నానశాలకు వెళ్లి వేడినీళ్ల తొట్టిలో మెడదాకా మునిగి కూర్చోవాలి. ఇంటికొచ్చి అన్నం తిని పడుకోవాలి. ముప్పై నాలుగేళ్లు ఫోహాంగ్‌లో సిటీ బస్సు నడిపిన మనిషికి అంతకంటే గొప్ప దినచర్య అక్కర్లేదు. భార్య యోన్‌జాతో కలిసి చొంగ్జులోని ఈ అపార్ట్‌మెంట్లకు మారి రెండు నెలలైంది. ఇంకా ఎవరితోనూ పరిచయం లేదు. ఆయనకు నచ్చిందీ అదే.

రబ్బరు చెప్పులతో, చేతిలో ఖాళీ సోయా సాస్ సీసాతో చెత్త షెడ్డు దగ్గర నిలబడి ఉండగా, వృద్ధుల సంఘం అధ్యక్షుడు హో బ్యొంగ్‌చోల్ వచ్చి నడుము దాకా వంగి నమస్కరించాడు.

"డాక్టరుగారూ, మీరు చెత్త మోయడమేంటండీ. ఇలా ఇవ్వండి."

గిల్సు వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు.

"మాకంతా తెలిసిపోయిందిలెండి," అంటూ హో ఫోన్ తీసి చూపించాడు.

తెర మీద తెల్లకోటు, మెడలో స్టెతస్కోపు, వెండిలా మెరిసే జుట్టు, దయగల చిరునవ్వు. సాక్షాత్తూ గిల్సు. పైన పెద్ద అక్షరాలతో 'బీపీ మాత్రలు ఇవాళే ఆపేయండి: ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న గుండె వైద్యుడు కిమ్ బయటపెట్టిన నిజం' అని ఉంది. కింద రోజుకు మూడు ప్యాకెట్ల ఎర్ర ఉల్లిపాయ రసం తాగితే రక్తనాళాలు ఎలా శుభ్రపడతాయో బొమ్మలు వేసి మరీ వివరించారు.

గిల్సుకు వెంటనే గుర్తొచ్చింది. రిటైరైన కొత్తలో ఏమీ తోచక, పెద్దవయసువాళ్లకు మోడలింగ్ నేర్పే క్లాసులో చేరాడు. నీ జుట్టే నీ ఆస్తి అని అక్కడి టీచరు మెచ్చుకుంది. ఆ మాట పట్టుకుని ఒక స్టూడియోకి వెళ్తే, వాళ్లు రోజంతా ఫోటోలు తీసి, వీటిని ఎవరికైనా అమ్ముకోవచ్చని ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఆ తర్వాత ఆయన్ని పిలిచిన నాథుడు లేడు.

"ఇందులో ఇంటిపేరు కిమ్ అని ఉంది, నాది నం కదండీ," అన్నాడు గిల్సు.

"పేరు మార్చుకుని ప్రశాంతంగా ఉందామనుకున్నారు. అర్థం చేసుకోగలను. నా నోటి నుంచి బయటికి రాదు. ఒక్కటి చెప్పండి చాలు, ఈ ఫోటో మీదేనా?"

గిల్సు తప్పు చేసింది ఇక్కడే. ఫోటో చాలా బాగా వచ్చింది. ఇన్నాళ్లకు ఒకరు గుర్తుపట్టారు. "ఫోటో నాదేననుకోండి, కానీ..." అని జుట్టు ఒకసారి సవరించుకున్నాడు. సవరించుకోవడం పూర్తయ్యేసరికి మిగతా మాట వినడానికి హో అక్కడ లేడు. ఆ వార్త పెట్టిన అపార్ట్‌మెంటు పెద్దల చాట్ గ్రూపులో హోతో కలిపి నూట పద్దెనిమిది మంది ఉన్నారు.

స్నానశాలలో గిల్సు వేడినీళ్లలో దిగి కళ్లు మూసుకున్నాడో లేదో, పక్కనున్న పెద్దమనిషి నీళ్లలోంచి కాలు పైకెత్తి బొటనవేలు చూపించాడు. ఇంకొకాయన తొట్టి అవతలి గట్టు నుంచి నాలుక చాపాడు. గిల్సు ఒళ్లు తుడుచుకోకుండానే బయటపడ్డాడు. అపార్ట్‌మెంటు లిఫ్టులో ఇద్దరు ఆడవాళ్లు, ఒకావిడ మోకాలి గురించి, రెండో ఆవిడ కోడలి గురించి సలహా అడిగారు. తొమ్మిదో అంతస్తులో దిగి చూస్తే తలుపు పిడికి ఒక పళ్ల సంచీ, కింద ఒక డబ్బా నిండా కొత్తగా పెట్టిన క్యాబేజీ పచ్చడి, కిమ్చీ.

లోపల యోన్‌జా అప్పటికే మరో సంచీలోని పళ్లు బల్ల మీద పేర్చి చూసుకుంటోంది.

"ఏవండీ, మీరు ఎవరికి ఏం చెప్పారు?"

"ఏం చెప్పలేదు. ఫోటో నాదేనన్నా."

"డాక్టరు కాదని చెప్పలేదా?"

"అక్కడికే వస్తున్నా, ఈలోపు ఆయన వెళ్లిపోయాడు."

"బస్సు వేళకు ముందే కదిలిందని ముప్పై ఏళ్లు జనం మిమ్మల్ని తిట్టారు కదా, వాళ్ల ఉసురు తగిలింది. ఇప్పుడే వెళ్లి చెప్పిరండి. అయితే పళ్లు తిరిగిచ్చేస్తానని మాత్రం మాటివ్వకండి, ఒకటి కోసేశా."

అప్పుడే గోడలోని స్పీకరు గంట కొట్టింది. మేనేజరు ఆఫీసు నుంచి, నూటొకటి మొదలు నూటేడు దాకా ఉన్న ఏడు బ్లాకుల్లోని ప్రతి ఇంటికీ వినిపించే స్పీకరు అది. నీళ్ల సరఫరా ఆగినా, లిఫ్టు పాడైనా అందులోనే చెప్తారు.

"నివాసితులకు మనవి. ఈ మధ్యాహ్నం రెండు గంటలకు వృద్ధుల హాలులో ప్రత్యేక ఆరోగ్య ప్రసంగం. ప్రసంగించేవారు నూటనాలుగో బ్లాకులో ఉంటున్న సుప్రసిద్ధ గుండె వైద్యులు డాక్టర్ నం గారు. మందుల సంచులు వెంట తెచ్చుకోవలసిందిగా కోరుతున్నాం."

యోన్‌జా చేతిలోని చాకు పక్కన పెట్టింది. "చాకు పదునుగా ఉంది. నవ్వొస్తే వేలు తెగుద్ది," అంది.

గిల్సు మేనేజరు ఆఫీసు వైపు పరుగులాంటి నడకతో బయల్దేరాడు. కింది అంతస్తులో ఒంటరిగా ఉండే గుమ్‌సున్ గుమ్మం ముందు చిన్న పీట వేసుకుని, పెద్ద తొట్టిలో క్యాబేజీలకు ఉప్పు పట్టిస్తోంది. ఆమెకు డెబ్బై తొమ్మిదేళ్లు. ఆయన్ని చూసి లేవబోయి, గోడ పట్టుకుని మళ్లీ కూలబడింది.

"ఏమైంది అక్కయ్యగారూ?"

"ఏం లేదు డాక్టరుగారూ. లేచినప్పుడల్లా కళ్ల ముందు చుక్కలు. పొద్దున్నుంచీ తలనొప్పి. రక్తం శుభ్రపడుతోంది కదా, ముందు అలాగే ఉంటుందని మీరే రాశారుగా."

"నేనేం రాశాను?"

"మీరు చెప్పినట్టే సోమవారం నుంచి బీపీ మాత్రలు ఆపేశా. రోజుకి మూడు ప్యాకెట్లు ఉల్లిరసం. దగ్గరికి రాకండి, కంపు కొడుతున్నా."

అంతవరకు గిల్సు ఇది పళ్ల సంచీలతో పోయే గొడవ అనుకున్నాడు. ఇప్పుడు తన మొహం చూసి ఒక మనిషి నాలుగు రోజులుగా మందు మానేసింది. ఈ మనిషి ఇక్కడే పడిపోతే పడేసింది తన చిరునవ్వే.

"అక్కయ్యగారూ, నేను డాక్టర్ని కాను. బస్సు డ్రైవర్ని. లోపలికి వెళ్లి మీ క్లినిక్కుకి ఫోన్ చేద్దాం రండి."

గుమ్‌సున్ మురిపెంగా నవ్వింది. "మా ఆయనా ఇంతే. పోలీసు శాఖలో పెద్ద హోదా, బయట అడిగితే గుమాస్తానని చెప్పేవాడు. గొప్పవాళ్ల తీరే అంత. క్యాబేజీ అయిపోగానే మీ ప్రసంగానికి వస్తాగా."

ఎంత చెప్పినా కదల్లేదు. ఆమెను ఒప్పించలేకపోతే, మేనేజరు ఆఫీసు సంగతి వదిలేసి, ఆ ప్రసంగంలోనే అందరినీ ఒకేసారి ఒప్పించాలి. రెండింటికి హాలులో నలభై మంది దాకా, అడుగు నుంచి వేడి చేసే వెచ్చటి నేల మీద మందుల సంచులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. గుమ్‌సున్ ముందు వరసలో ఉంది. ఒక చెయ్యి నుదుటి మీదే ఉంది.

గిల్సు నిలబడ్డాడు. "నేను డాక్టర్ని కాదండీ. ఫోహాంగ్‌లో బస్సు నడిపాను. ఆ ఫోటో ఎవరికో అమ్మేశారు, ఎవరో వాడుకున్నారు. అందులో రాసిందంతా అబద్ధం."

హాలంతా చప్పట్లు కొట్టింది. "ఇంత అణకువ నా జీవితంలో చూడలేదు," అన్నాడు అధ్యక్షుడు హో.

"అయ్యా, కాస్త ఆ వ్యాసం చివర చిన్న అక్షరాల్లో ఏముందో పైకి చదవండి."

హో కళ్లజోడు నుదుటి మీదికి తోసి, ఫోన్ ముక్కుకు ఆనించుకుని చదివాడు. "ఈ వ్యాసం ఉల్లిరసం కంపెనీ ఆర్థిక సాయంతో తయారైనది." తల ఎత్తాడు. "చూశారా, కంపెనీ వాళ్లు కూడా డాక్టరుగారి వెనకే ఉన్నారు."

"నేను ఏ ఆసుపత్రిలో పనిచేశానో ఎక్కడైనా ఉందా?"

"లేదు. రాస్తే జనం ఎగబడరూ?"

గిల్సుకు చెమట పట్టింది. నిజం పనిచేయకపోతే అబద్ధమైనా పనిచేయాలి. గొంతు సవరించుకుని గంభీరంగా అన్నాడు. "సరే. డాక్టరుగానే చెప్తున్నా. గుమ్‌సున్ గారూ, ఈ క్షణమే మీ క్లినిక్కుకి వెళ్లండి."

గుమ్‌సున్ తల అడ్డంగా ఊపింది. "ఇక్కడ ఇంతమంది ముందు, పెద్దాసుపత్రుల వాళ్లకి భయపడి అలా అంటారు. ఫోన్లో అయితే ధైర్యంగా రాశారు. నేను మాత్రం మీరు రాసిందే నమ్ముతా." అని సంచీలోంచి మూడో ప్యాకెట్టు తీసి మూల చింపింది.

ఇక ఒకే ఒక్క సాక్ష్యం మిగిలింది. స్టూడియోలో తెల్లకోటు వేసింది పొద్దున పూట. మధ్యాహ్నం వేసింది ఏమిటో గిల్సు యోన్‌జాకు కూడా చెప్పలేదు. ఆ ఫోటో కూడా ఎక్కడో అమ్ముడైందని తెలిసిన రోజు నుంచి, ఎవరి కంటా పడకూడదని మనసులోనే దండం పెట్టుకుంటున్నాడు. ఆయన ఒకసారి హాలు చివర చూశాడు. యోన్‌జా ఎప్పుడొచ్చిందో, గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది. ఒకసారి గుమ్‌సున్‌ను చూశాడు. ప్యాకెట్టు పెదాల దాకా వెళ్లింది.

గిల్సు తన ఫోన్లో వెతికి, ఆ పేజీ తెరిచి, ఆమె చేతిలో పెట్టాడు.

అదే జుట్టు. అదే చిరునవ్వు. ఒంటి మీద బనియను, నడుముకు మోకాళ్ల దాకా వచ్చే మందపాటి బూడిదరంగు లోదుస్తు. రెండు చేతులు నడుము మీద పెట్టుకుని, కిటికీలోంచి దూరంగా చూస్తున్నాడు. పక్కన ఇలా రాసి ఉంది: 'దగ్గినా తుమ్మినా ఇక చుక్క కారదు. వాడినవారి మాట: పార్క్, అరవై ఐదేళ్లు, విశ్రాంత లెక్కల మాస్టారు.'

గుమ్‌సున్ ఫోన్‌ను చూసింది. గిల్సును చూసింది. మళ్లీ ఫోన్‌ను చూసింది. ఫోన్ ఒక చేతిలోంచి ఇంకో చేతికి, ముందు వరస నుంచి వెనక వరసకు వెళ్లింది. అది వెళ్లిన దారి పొడవునా నవ్వాపుకోలేక భుజాలు కదలడం మొదలైంది. గుమ్మం దగ్గరికి చేరాక యోన్‌జా అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

"ఇందులో లెక్కల మాస్టారా," అంది గుమ్‌సున్ చివరికి.

"అవును."

"అందులో గుండె డాక్టరా."

"అవును. రెండూ ఒకే రోజు తీశారు. మధ్యలో నూడుల్సు పెట్టారు."

"మరి ఏది నిజం?"

"రెండూ కాదు అక్కయ్యగారూ. నాకు తెలిసింది బస్సొకటే."

గుమ్‌సున్ చింపిన ప్యాకెట్టు పక్కన పెట్టింది. "డాక్టరైతే చచ్చినా ఇలాంటి బట్టతో ఫోటో దిగడు. నిజంగానే బస్సు డ్రైవరువి," అంది. ఆ మాటతో ముందు వరసలో ముగ్గురు తమ సంచుల్లోని ఉల్లిరసం ప్యాకెట్లు గుట్టుచప్పుడు కాకుండా బయటకు తీశారు.

క్లినిక్కుకు ఫోన్ చేస్తే నర్సు వెంటనే తీసుకురమ్మంది. మాత్రలు ఎవరు ఆపమన్నారని ఆమె గట్టిగా అడిగితే, "ఒక బస్సు డ్రైవరు," అని గుమ్‌సున్ అంతే గట్టిగా చెప్పింది. గిల్సే తన కారులో తీసుకెళ్లాడు. బీపీ నూట ఎనభై ఎనిమిది ఉంది. ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే ఏమయ్యేదో చెప్పలేమన్నాడు డాక్టరు. గంటసేపు పడుకోబెట్టి, మాత్ర ఇచ్చి, మళ్లీ చూసి, ఇక ఫర్వాలేదన్నాడు. సందేహం వస్తే ఇక్కడికి ఫోన్ చేయండి, లేదంటే ఇందులో చూడండి అని ప్రభుత్వ ఆరోగ్య వెబ్‌సైటు పేరు చీటీ మీద రాసిచ్చాడు.

తిరుగుదారిలో గుమ్‌సున్ ఆ వెబ్‌సైటు తెరిచి పెదవి విరిచింది. "ఎవరు రాశారో, ఎప్పుడు సరిచూశారో అన్నీ ఉన్నాయి గానీ, ఒక్క మొహమూ లేదు. ఆ కుర్ర డాక్టరూ అంతే, జుట్టు పలచన, ఒక్కసారీ నవ్వలేదు. నీ మొహం చూస్తే వచ్చే నమ్మకం రాలేదు తమ్ముడూ."

"మాత్ర వేసుకుంటారా, వేసుకోరా?"

"వేసుకుంటాలే. కాస్త వేగం తగ్గించు, ముసలిదాన్ని."

గిల్సుకు చాలా హాయిగా అనిపించింది. వేగం తగ్గించాడు. ఆ సాయంత్రం యోన్‌జా పళ్లన్నీ తిరిగిచ్చేయడానికి బయల్దేరింది. ఒక్కరూ తీసుకోలేదు. కొందరైతే, ఇంతగా నవ్వి ఎన్నేళ్లయిందోనని ఇంకో రెండు వేసి పంపారు.

మర్నాడు పొద్దున గిల్సు లిఫ్టు ఎక్కితే లోపల అధ్యక్షుడు హో ఒక్కడే ఉన్నాడు. తలుపులు పూర్తిగా మూసుకునే దాకా ఆగి, దగ్గరికి జరిగాడు.

"గిల్సు గారూ, ఆ లోదుస్తు... నిజంగా పనిచేస్తుందంటారా?"

"నిన్ననే కదండీ అంత జరిగింది. ఎవరు రాశారు, ఎవరు సొమ్మిచ్చారు, అవి చూడాలి ముందు."

"చూశానండీ. కంపెనీ వాళ్లే రాసుకున్నారు. పేరు కూడా దొంగ పేరే." హో గొంతు ఇంకా తగ్గించాడు. "కాకపోతే, ఆ వాడినాయన మొహం చూస్తే నమ్మబుద్ధేసింది."

లిఫ్టు తలుపులు తెరుచుకునేలోపు ఆయన తన నడుము కొలత కూడా చెప్పేశాడు.