జనరేటరు పేజీకి వచ్చిన గిరాకీ

ఆ సోమవారం ఉదయం జీవమణి అనుకున్న పని చిన్నదే. పంజాగుట్టలో ఆటో దిగాలి, మూడో అంతస్తు ఎక్కాలి, నెలలో ఏ పేజీని ఎన్నిసార్లు తెరిచారో ఆ జాబితా ప్రింటు తీసి మేనేజరు అచ్యుతరావు గారి బల్లమీద పెట్టాలి. ఆఫీసులో ఏ పని ఎలా చేయాలో రాసిపెట్టడం ఆమె ఉద్యోగం. సెలవు ఎలా అడగాలి దగ్గర్నుంచి నిప్పంటుకుంటే ఎటు పరుగెత్తాలి దాకా నలభై రెండు పేజీలు రాసి, అందరి కంప్యూటర్లలోనూ కనబడేలా పెట్టింది. ఆమెను ఆరు నెలలు చూసి ఖాయం చేస్తామన్నారు. ఆ గడువు శుక్రవారంతో సరి. పేజీలు చదివేవాళ్లుంటే ఉద్యోగం ఉంటుంది, లేకపోతే లేదు.

రెండువేల నాలుగులో అచ్యుతరావు గారు ఏదో శిక్షణకు వెళ్లి ఒక సూత్రం పట్టుకొచ్చారు. ఎవరూ తెరవని పేజీని తీసెయ్యాలి, ఎక్కువమంది తెరిచేదాన్ని చూసి మిగతావి దిద్దుకోవాలి. సూత్రంలో తప్పేమీ లేదు. పశువు ఏ గాడి దగ్గర నిలబడుతుందో చూస్తేనే ఏ మేత బాగుందో తెలిసేది.

జాబితాను ఇద్దరూ రెండుసార్లు చూశారు. నలభై ఒక్క పేజీలను కలిపి పదకొండుసార్లు తెరిచారు. అందులో తొమ్మిది జీవమణివే. జనరేటరు వేసే పద్ధతిని మాత్రం పన్నెండు వందల ఆరుసార్లు తెరిచారు.

"అరవైమంది రోజూ చదువుతున్నట్టేగా. ఏంటమ్మా అందులో ఉంది?" అన్నారు అచ్యుతరావు గారు.

"జనరేటరు ఎలా వెయ్యాలో ఉంది సార్."

"అంతేనా?"

"డీజిలు చూడమని కూడా ఉంది సార్."

ఆయన పేజీ తెరిచి అయిదు వాక్యాలూ చదివారు. ముందు డీజిలు ఎంతుందో చూడండి. మీట పైకెత్తండి. ఒక నిమిషం ఆగండి. పొగ వస్తే దూరంగా నిలబడండి. అటెండరు ఓదెలుకు చెప్పండి. ఆ కిందికి ఆయన పోలేదు. తను రాసింది అక్కడితో అయిపోయిందని ఆమెకు తెలుసు కాబట్టి ఆమె కూడా పోలేదు.

మిగతా పేజీలన్నీ ఆ అచ్చులోనే పోయమని ఆయన ఆజ్ఞ. మంగళవారం సాయంత్రానికి సెలవు అడిగే పద్ధతి ఇలా తయారయింది: ముందు ఎన్ని రోజులున్నాయో చూడండి. అర్జీ పైకెత్తండి. ఒక నిమిషం ఆగండి. పొగ వస్తే దూరంగా నిలబడండి. ఓదెలుకు చెప్పండి.

బుధవారం అచ్యుతరావు గారు, మా సిబ్బందికి జనరేటరు మీద ఉన్న శ్రద్ధ అపారమని మద్రాసు హెడ్డాఫీసుకు రాశారు. అంత శ్రద్ధ ఎక్కడా చూడలేదని, గురువారం పదకొండున్నరకల్లా అక్కణ్నుంచి పెద్దాఫీసరు రాఘవయ్య గారు దిగారు. అరవైమందినీ డాబామీద జనరేటరు చుట్టూ నిలబెట్టారు. అడక్కుండానే కరెంటు కూడా పోయింది. అచ్యుతరావు గారి మొహం వెలిగింది.

"ఎవరైనా వచ్చి వెయ్యండి" అన్నారు రాఘవయ్య గారు.

ఎవరూ కదల్లేదు. ఆయన ముందువరుసలో ఉన్న తారక్‌ను పిలిచి, ఆ పేజీ చదివావా అని అడిగారు.

"రోజూ చదువుతాను సార్."

"ఏముంది అందులో?"

తారక్ అబద్ధం ఆడే రకం కాదు. "ఇవాళైతే దొండకాయ వేపుడు, గోంగూర పప్పు సార్."

సరిగ్గా అప్పుడే ఓదెలు రెండు చేతులా కూరల పొట్లాలతో మెట్లెక్కి వచ్చాడు. ఆఫీసులో సగంమంది యూసుఫ్‌గూడ గదుల్లో కుక్కరు పెట్టి అన్నం మాత్రం డబ్బాలో తెచ్చుకుంటారు. కూరలు అమీర్‌పేటలో చిలకమ్మ కర్రీ పాయింటు నుంచి ఓదెలు తెస్తాడు. రాఘవయ్య గారు అడిగితే, పొట్లాలు దించకుండానే చెప్పాడు.

"డీజిల్ ఎంతున్నదో దినాం గా పేజీల రాయమన్నరు సార్. పొద్దుగాల్నుంచి అందరు ఫోన్లు జేసి ఇయ్యాల కూరలేందని అడుగుతుండ్రు. డీజిల్ కింద కూరలు సుత రాస్తే ఫికర్ ఉండదనుకున్న."

అని, మోచేత్తో మీట పైకెత్తి జనరేటరు వేశాడు.

అచ్యుతరావు గారు జనరేటరు చప్పుడుకు కృతజ్ఞతగా దాని దగ్గరికి రెండడుగులు జరిగారు. రాఘవయ్య గారు జీవమణి వైపు తిరిగి, "అంటే మీరు రాసింది ఎవరూ చదవట్లేదన్నమాట" అన్నారు. ఆమెకు శుక్రవారం అప్పుడే వచ్చేసినట్టుంది.

"చదువుతారు సార్. రేపొక్కరోజు చూడండి."

ఆ సాయంత్రం ఆమె మిగతా పేజీలన్నిట్లో పొగ తీసేసి, మొదట రాసిన వాక్యాలే తిరిగి పెట్టింది. ఓదెలును పక్కన కూర్చోబెట్టుకుని, రేపటి కూరలను తలో పేజీలో, మూడో వాక్యానికీ నాలుగో వాక్యానికీ మధ్య పెట్టింది. ఏ కూర ఏ పేజీలో ఉందో చెప్పలేదు. కాకరకాయ వేపుడు మాత్రం రోజూ ఉండేదే కాబట్టి దాన్ని మేనేజరును కలిసే పద్ధతిలో స్థిరంగా ఉంచి, ఆ సంగతి అందరికీ చెప్పింది.

శుక్రవారం మధ్యాహ్నానికి దాదాపు ప్రతి పేజీనీ అరవైసార్లు తెరిచారు. ఉలవచారు వెతుకుతూ వెళ్లిన తారక్ నిప్పంటుకుంటే వెనక మెట్లు దిగాలని తెలుసుకున్నాడు. వెనక మెట్లు ఉన్నాయనే అతనికి అప్పటిదాకా తెలియదు. రాఘవయ్య గారు కూడా రైలెక్కేముందు ఆ పేజీ మూడుసార్లు తెరిచి, పొట్లం కట్టించుకుని, జీవమణి ఉద్యోగం ఖాయం చేసి వెళ్లారు.

నెల తిరిగేసరికి జాబితాలో సున్నా ఒక్కదానికే వచ్చింది. సూత్రం ప్రకారం తీసెయ్యమని అచ్యుతరావు గారు పేరు చూడకుండా సంతకం పెట్టారు. జీవమణి తీసేసింది.

ఆ మర్నాడు ఆయన డబ్బా తెరిస్తే అన్నం మాత్రమే ఉంది. షుగరుందని ఏడేళ్లుగా ఆయన తినేది కాకరకాయ వేపుడొక్కటే. అడగకుండానే బల్లమీదికి వచ్చేది కాబట్టి ఏ పేజీ తెరవాల్సిన అవసరం ఆయనకు ఎప్పుడూ రాలేదు.

"నా కూరేదయ్యా?"

"కాకరకాయ ఉన్న పేజీ ఒక్కరు సుత చూస్తలేరని మీరే తీసెయ్యమన్నరు గద సార్. చిలకమ్మకు జెప్పిన, వండుడు బంద్ వెట్టింది."

అచ్యుతరావు గారు ఆ పూట మజ్జిగన్నం తింటూ, మిగిలిన నలభై ఒక్క పేజీలూ మొదటిసారి చివరిదాకా చదివారు.