కుక్క మెడలో ఎనిమిది వేల అడుగులు

ఆ రోజు పొద్దున్న ప్రూఫు రీడరు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరున్నరకి ఇంట్లోంచి బయలుదేరాలి. ఏడున్నర దాకా బేకరీ వెనక బెంచీ మీద కూర్చోవాలి. మొహాన నాలుగు నీళ్ళు చల్లుకుని, చెమట పట్టినవాడిలా ఆయాసపడుతూ ఇంటికి రావాలి. ఇరవై రెండు రోజులుగా చేస్తున్న పనే కాబట్టి ఆయాసం కూడా బాగా అలవాటైంది. ఈ ఒక్క రోజూ గడిస్తే నెల నిండుతుంది, గండం గడుస్తుంది.

ఆ గండం ఇంకెవరో కాదు, బావమరిది. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. నెల కిందట డాక్టరు రక్తపరీక్ష కాగితం చూసి, "రోజంతా కూర్చునే ఉంటారా?" అని అడిగాడు. ప్రూఫు రీడరు పని ఇంట్లోనే. పుస్తకాల అచ్చుప్రతులు ముందేసుకుని, ఎర్ర పెన్నుతో ఊళ్ళో రచయితలందరి తప్పులూ దిద్దుతూ ఉంటాడు. అంచేత, "లేదండీ, అప్పుడప్పుడూ పడుకుంటాను కూడా" అని ఉన్న నిజం చెప్పాడు. డాక్టరు నవ్వలేదు. ఒంట్లో చక్కెర ఎక్కువైందనీ, నడవకపోతే మందులు మార్చాల్సి వస్తుందనీ చెప్పి పంపించాడు.

ఆయన భార్య లెక్కల టీచరు. ఇంటికి రాగానే లెక్క తేల్చేసింది. రోజుకి ఎనిమిది వేల అడుగులు, వరసగా ముప్ఫై రోజులు. ఒక్క రోజు తగ్గినా తమ్ముడు పెట్టె సర్దుకుని వచ్చేస్తాడు, తెల్లవారుజామున నాలుగున్నరకి బావగారిని లేపి మైదానం చుట్టూ పరిగెత్తిస్తాడు.

"ఎందుకే పాపం, వాడికి శ్రమ" అన్నాడు ప్రూఫు రీడరు.

"వాడికేం శ్రమ లేదు. ఎప్పుడెప్పుడా అని కాచుక్కూర్చున్నాడు." ఆమె గొంతు కాస్త తగ్గింది. "మా నాన్న కూడా రేపట్నుంచి నడుస్తా, రేపట్నుంచి నడుస్తా అంటూనే వెళ్ళిపోయాడండీ. మీరు మాత్రం ఆ మాట నా దగ్గర అనకండి."

ఆయన అనలేదు. మర్నాడే మొదలుపెట్టాడు కూడా. ఆమె ఒక గడియారం కొని ఆయన చేతికి కట్టింది. అది అడుగులు లెక్కపెడుతుంది, గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో చూస్తుంది, ఎప్పటి కబురు అప్పుడు తన సొంత సిమ్ముతో ఆమె ఫోనుకి మోసేస్తుంది. చాడీలు చెప్పే తోడికోడలు కూడా అంత శ్రద్ధగా మోయదు. ఏడు రోజులు ఆయన నిజాయితీగా నడిచాడు. ఎనిమిదో రోజున మోకాళ్ళు మొరాయించాయి. అప్పుడే ఆయన కళ్ళు పక్కింటి రిటైర్డ్ జడ్జిగారి కుక్క మీద పడ్డాయి. రోజూ ఆరున్నరకి జడ్జిగారు దాన్ని పార్కు చుట్టూ తిప్పుతారు. పైగా దానికి నాలుగు కాళ్ళు. నడవడమంటే మహా సరదా.

గేటు దగ్గర వంగి గడియారాన్ని కుక్క మెడపట్టీకి కడుతుంటే, జడ్జిగారు అటు తిరిగి ఆకాశం కేసి చూశారు.

"నేనేం చూడలేదు. అది మీకూ కుక్కకీ మధ్య వ్యవహారం. రేపు ఎవరడిగినా ఇదే చెబుతాను" అన్నారు.

ఇక ఆ రోజు నుంచీ ఆయన ఆరోగ్యం దినదినాభివృద్ధి చెందింది. ఫోను వెంట తీసుకెళితే అది కూడా అడుగులు లెక్కపెట్టి ఎదురుసాక్ష్యం చెబుతుందని, దాన్ని బల్ల సొరుగులో పెట్టి వెళ్ళేవాడు. ఆమె స్కూల్లో టీచర్లందరికీ అంకెలు చూపించి మురిసిపోయేది. పందొమ్మిదో రోజున కుక్క ఒక ఉడతని తరిమింది. ఆ పూట లెక్క పదహారు వేలు దాటింది. భర్త అంత కష్టపడ్డాడని ఆమె సాయంత్రం పక్కన కూర్చుని కాళ్ళు పట్టింది. ఆయనకి సిగ్గేసింది. కాళ్ళు వెనక్కి తీసుకునేంత సిగ్గు మాత్రం కాదు.

డ్రిల్లు మాస్టారికి ఒక్కడికే అనుమానం. "బావ పదహారు వేల అడుగులా? మంచం మీంచి మంచినీళ్ళ కుండ దాకా రావడానికే రిక్షా కోసం చూసే మనిషి" అన్నాడు. "నీ కళ్ళు మండ, దిష్టి పెట్టకురా" అంది అక్క.

ముప్ఫయ్యో రోజు వచ్చింది. అలవాటు ప్రకారం ప్రూఫు రీడరు కుక్క మెడకి గడియారం కట్టి, బేకరీ వెనక్కి వెళ్ళి, పేపరు విప్పి, క్రీమ్ బన్ను అందుకున్నాడు. నెల గట్టెక్కిన సందర్భం కాబట్టి రెండోది కూడా చెప్పాడు. పార్కులో కుక్క ఎప్పట్లాగే నడుస్తోంది. ఇంతలో పొదల్లోంచి ఒక పిల్లి వచ్చింది.

పార్కు చివర, వాననీటి కాలవ వేస్తామని మూడు నెలల కిందట తవ్వి వదిలేసిన గొయ్యి ఉంది. రెండు నిలువుల లోతు, ఒక పక్క నీళ్ళు, ఒక పక్క రాళ్ళు. పిల్లి గోతిని దూకేసింది. వెనకే దూసుకొచ్చిన కుక్కకి మాత్రం పుట్టుకతో వచ్చిన వివేకం ఉండటంతో అంచున ఆగిపోయింది. గడియారం ఆగలేదు. పట్టీలోంచి జారి, అంచు రాయికి తగిలి, నీళ్ళలో పడింది. కుక్క ఏమీ ఎరగనట్టు తోక ఊపుకుంటూ వెనక్కొచ్చింది. జడ్జిగారు ఆ రోజు నిజంగానే ఏమీ చూడలేదు. కుక్కని తీసుకుని ఇంటికెళ్ళిపోయారు.

నీళ్ళలో ఉన్న గడియారానికి తన యజమాని పడిపోయాడని అనుమానం వచ్చింది. "బాగానే ఉన్నారా?" అని అడిగింది. అరనిమిషం ఆగింది. ఎవరూ పలకకపోయేసరికి తన ధర్మం తాను నిర్వర్తించింది.

లెక్కల టీచరు స్కూలుకి తయారై జడ వేసుకుంటోంది. ఫోను గట్టిగా మోగింది. తెర మీద, 'మీ కుటుంబ సభ్యుడు గట్టిగా పడిపోయినట్టుంది. పలకడం లేదు. గుండె చప్పుడు అందడం లేదు' అని ఉంది. కింద పార్కు పటం, పటంలో ఎర్ర చుక్క. ఆమె భర్తకి ఫోన్ చేసింది. అది పక్క గదిలో సొరుగులో మోగింది. ఆమె సగం వేసిన జడతోనే, ఒక కాలికి తన చెప్పూ రెండో కాలికి భర్త చెప్పూ తొడుక్కుని, పక్కింటికి పరిగెత్తింది.

"జడ్జిగారూ, మావారిని చూశారా?"

"నేనేం చూడలేదమ్మా" అన్నారు జడ్జిగారు, ఇచ్చిన మాట తప్పడం తెలియని మనిషి కాబట్టి.

"పొద్దున్న మీ వెనకే వచ్చారు కదండీ. ఆఖరిసారి ఎప్పుడు చూశారు?"

ఆయన ఆలోచించారు. అబద్ధం చెప్పడం ఆయనకి చేతకాదు. "ఆరున్నరకి, మా గేటు దగ్గర. కిందికి వంగారు. ఆ తర్వాత నేను చూడలేదు."

"వంగారా? అయ్యో, కళ్ళు తిరిగి ఉంటాయి" అంటూ ఆమె తమ్ముడికి ఫోన్ చేసింది. గడియారంలో వాడి నంబరు కూడా ఎక్కించింది కాబట్టి తమ్ముడికీ అదే కబురు అప్పటికే అందింది. వాడు దారిలోంచే అగ్నిమాపక కేంద్రానికి చెప్పేశాడు. బావగారంటే వాడికి ఎన్ని వేళాకోళాలున్నా, ప్రాణం మీదికొస్తే వెనకాడే రకం కాదు.

పావుగంటలో గోతి దగ్గర ఊరంతా చేరింది. స్థానిక వార్తల ఛానెల్ కూడా వచ్చింది. ఛానెల్ అంటే ఒక కర్ర, కర్ర చివర ఫోను, ఇవతలి చివర ఒక విలేకరి.

బేకరీ వెనక రెండో బన్ను పూర్తిచేసిన ప్రూఫు రీడరుకి గంటల చప్పుడు వినిపించింది. పక్కన గొడవ జరుగుతుంటే చూడకుండా ఉండటం ఎవరి తరం? మూతి తుడుచుకుంటూ వెళ్ళాడు. ఫైరింజను గోతికి అడ్డంగా నిలబడి ఉంది. అవతలి పక్క ఏం జరుగుతోందో కనిపించలేదు.

"ఏమైందండీ?" అన్నాడు పక్కనున్న పాలవాడితో.

"ఎవరో పెద్దాయనటండీ. పొద్దున్నే నడవడానికొచ్చి గోతిలో పడ్డాడట. ఇంటావిడ అవతల ఏడుస్తోంది, చూడలేకపోతున్నాం."

ప్రూఫు రీడరు మనసు కలుక్కుమంది. తనలాంటి వాడే పాపం అనుకున్నాడు. అక్కడే విలేకరి ఫోను కేసి చూస్తూ, "గోతిలో పడి వాకింగ్ చేసే వ్యక్తి మృతి" అంటున్నాడు. తప్పు కనిపిస్తే ఊరుకునే చెయ్యి కాదు ఆయనది.

"ఇంకా దొరకలేదు కదా బాబూ, మృతి అనకూడదు. గల్లంతు అనాలి. పైగా ఆయన గోతిలో పడి వాకింగ్ చెయ్యలేదు, వాకింగ్ చేస్తూ గోతిలో పడ్డాడు."

విలేకరి ఇలాంటి మనిషి కోసమే చూస్తున్నాడు. కర్ర ఆయన వైపు తిప్పి, "ఆయన మీకు తెలుసా సార్?" అన్నాడు.

"ముఖపరిచయం లేదు. కానీ ఎలాంటి మనిషో చెప్పగలను" అంటూ ప్రూఫు రీడరు గొంతు సవరించుకున్నాడు. "మనమంతా ముసుగుతన్ని పడుకున్న వేళ లేచి, ఒళ్ళు వంచి, పెళ్ళానికిచ్చిన మాట కోసం రోజూ నడిచిన మనిషి. అలాంటివాడికా ఈ గతి? ఈ గొయ్యి తవ్వి మూడు నెలలైంది. ఒక తాడైనా కట్టారా చుట్టూ?" చెబుతుంటే ఆయనకే కళ్ళు చెమర్చాయి.

ఇంతలో అగ్నిమాపక సిబ్బందిలో ఒకాయన కేకేశాడు. "మా పొడుగు నిచ్చెన వెనక బండిలో వస్తోంది. ఈలోపు ఆయన తాలూకు కుర్రాడే నడుముకి తాడు కట్టుకుని దిగుతానంటున్నాడు. తాడు పట్టుకోడానికి మనుషులు కావాలి. బరువైనవాళ్ళు ముందుకి రండి."

జనం అంతా ప్రూఫు రీడరు వైపు చూశారు. తన ఒళ్ళు ఒకరికి ఉపయోగపడటం ఆయన జీవితంలో అదే మొదటిసారి. ఛాతీ విరుచుకుని అందరికన్నా ముందు నిలబడి తాడు పట్టుకున్నాడు. వదులు చెయ్యమంటే చేశాడు, లాగమంటే లాగాడు. చేతులు మండుతున్నా వదల్లేదు. పదినిమిషాలకి ఇంజను అవతలి నుంచి, "దొరికింది, లాగండి" అన్న కేక వినిపించింది. వెనకే ఒక ఆడమనిషి ఏడుపు వినిపించింది. ఎక్కడో విన్న గొంతులా ఉందే అనుకుంటుండగా, దారి కోసం ఇంజనుని నాలుగడుగులు వెనక్కి తీశారు.

ఎదురుగా ప్రూఫు రీడరు భార్య కంకరకుప్ప మీద కూలబడి ఉంది. తాడు చివర, గోతి అంచుకి అందీ అందకుండా, బురదలో మునిగి తేలిన బావమరిది వేలాడుతున్నాడు. వాడి చేతిలో గడియారం.

"అయ్యయ్యో, అది నాది" అంటూ ప్రూఫు రీడరు చెయ్యెత్తాడు. ఒక చెయ్యి కాదు, రెండూ.

ముందున్న బరువు తప్పుకోవడంతో వెనకున్న నలుగురూ ఒకరి మీద ఒకరు పడ్డారు. తాడు సర్రున జారింది. బావమరిది వచ్చిన దారినే తిరిగి వెళ్ళాడు. ఈసారి నీళ్ళున్న వైపు పడలేదు.

వాణ్ణి మళ్ళీ పైకి తెచ్చేసరికి కాలు వాచిపోయింది.  తమ్ముణ్ణి స్ట్రెచరు మీద పడుకోబెట్టాక లెక్కల టీచరు లేచి, భర్త దగ్గరికొచ్చి, ఆయన భుజాలూ చేతులూ తడిమి చూసింది. నిజంగా మనిషేనని నమ్మకం కుదిరాక భోరుమంది.

"బతికే ఉన్నారా?"

"ఉన్నానే. నాకేం కాలేదు. ఏడవకు." ఆయన ఆమె కాళ్ళకున్న రెండు రకాల చెప్పులు చూశాడు. ఇరవై రెండు రోజుల్లో ఎన్నడూ వెయ్యనంత సిగ్గు అప్పుడేసింది.

ఆమె కళ్ళు తుడుచుకుంది. ఎంత ఏడుస్తున్నా లెక్కల టీచరు లెక్కల టీచరే. "మీరు ఇక్కడుంటే, గడియారం నీళ్ళలో ఉంటే, ఇన్నాళ్ళూ నడిచిందెవరు?"

ఆయన నోరు తెరిచేలోగా, గొడవేమిటో చూద్దామని జడ్జిగారు కుక్కని తీసుకుని వచ్చారు. కుక్క నేరుగా స్ట్రెచరు దగ్గరికెళ్ళింది. డ్రిల్లు మాస్టారి చేతిలోని గడియారాన్ని వాసన చూసి, బుద్ధిగా కూర్చుని, కట్టమన్నట్టు మెడ చాచింది.

 విలేకరి కర్రని కుక్క దగ్గరికి దించాడు.

"నేనేం చూడలేదు" అన్నారు జడ్జిగారు.

డ్రిల్లు మాస్టారికి మడమ దగ్గర ఎముక విరిగింది. ఆరు వారాలు పిండికట్టు, కదలకూడదన్నారు. ఒంటరివాడు, వండిపెట్టే దిక్కు లేదు. అంచేత అక్క వాణ్ణి ఇంటికే తీసుకొచ్చి మేడ మీద గదిలో పడుకోబెట్టింది. పగలంతా ఆమె స్కూల్లో ఉంటుంది. ఇంట్లో ఉండేది ప్రూఫు రీడరు ఒక్కడే. కిందికీ పైకీ మధ్య పద్దెనిమిది మెట్లు.

బావమరిది దిండు కింద ఒక ఈల ఉండేది. ఒకసారి ఊదితే మంచినీళ్ళు, రెండుసార్లు ఊదితే భోజనం. మూడుసార్లు ఊదితే ఎందుకో పైకెళ్ళాక గానీ తెలియదు. "ఏం లేదు బావా, కిటికీ తెరుద్దురూ" అనేవాడు. ఆయన తెరిచి కిందికొచ్చి ఎర్ర పెన్ను పట్టుకునేసరికి, గాలి ఎక్కువైందని మళ్ళీ ఊదేవాడు. వాడి కాలు విరగ్గొట్టింది తనే కాబట్టి ప్రూఫు రీడరు ఒక్కనాడూ కిమ్మనలేదు. రాత్రి పడుకోబోయే ముందు భార్య, "ఇవాళ ఎన్నిసార్లు ఎక్కారు?" అని అడిగేది. ఆయన చెప్పేవాడు. ఈసారి ఆయన చెప్పిందంతా నిజమే. ఆమె కూడా నమ్మేది.

ఆరో వారంలో ముగ్గురూ కలిసే డాక్టరు దగ్గరికి వెళ్ళారు. మర్నాడు పిండికట్టు విప్పేస్తారు. డాక్టరు ప్రూఫు రీడరు కాగితాలు రెండుసార్లు చూశాడు. చక్కెర దిగింది, అయిదు కిలోల బరువు తగ్గింది.

"ఏం చేస్తున్నారో నాకు తెలీదు గానీ, ఇంకో మూడు నెలలు అదే చెయ్యండి" అన్నాడు.

లెక్కల టీచరు తమ్ముడి వంక చూసింది. తమ్ముడు అక్క వంక చూశాడు, ఆ తర్వాత వాడి కాలు మళ్ళీ నొప్పెట్టడం మొదలైంది.