నెర్రెల మీద ముగ్గు

ఆ సోమవారం నజ్మా చేయవలసిన పనులు ఇవి: మొదటి బస్సు పట్టుకుని ఆదోని నుంచి ఎమ్మిగనూరు చేరడం. బస్టాండులో వైదేహి మేడం కోసం నిలబడటం. ఆమెకు టిఫిను పెట్టించడం, అదీ నూనె తక్కువ పోసే చోట. ఆటో మాట్లాడి బడికి తీసుకెళ్ళడం. దారిలో హెడ్మాస్టరు గురించి మంచిగా రెండు ముక్కలు చెప్పడం. పల్లవిని పక్కకు పిలిచి, పెద్దవాళ్ళ ముందు కాస్త మాట తగ్గించుకోమనడం. చివరగా, మట్టిని ఎవరూ ముట్టకుండా చూడటం.

ఆ చివరిదాన్ని ఆమె పనిగానే లెక్కించలేదు. ఎండిపోయిన మట్టిని ఎవరు ముట్టుకుంటారు?

నందవరం మండలంలో ఒక ఊరి హైస్కూల్లో నజ్మా భౌతికశాస్త్రం చెబుతుంది. వాళ్ళ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆమే. అందువల్లనేమో, చదువంటే పుస్తకం చివర ఉన్న జవాబును పరీక్షలో దింపడమే అంటే ఆమెకు ఒళ్ళు మండుతుంది. ఒకరోజు తొమ్మిదో తరగతి పల్లవి లేచి, "మేడం, మా చేను ఎండితే నెర్రెలిస్తాది గదా. వాన పడి మూసుకున్నంక మళ్ళ ఎండితే, నెర్రె పాత చోటనే వస్తాదా, కొత్త చోట వస్తాదా?" అని అడిగింది.

పుస్తకంలో లేదు. నజ్మాకూ తెలియదు. "నాకు తెలీదు. సూస్తాం పా" అంది.

బడి వంటగది వెనక కొంత జాగా చదును చేశారు. నల్లమట్టిని తడిపి, కలిపి, పరిచారు. నాలుగు మూలలా గూటాలు కొట్టి పురికోస కట్టారు. మట్టి ఎండి విచ్చింది. స్టూలు ఎక్కి ఫోటో తీశారు. మళ్ళీ తడిపారు, మళ్ళీ ఎండనిచ్చారు, మళ్ళీ ఫోటో తీశారు. కొన్ని నెర్రెలు పాత చోటే వచ్చాయి, కొన్ని మొండికేసి పక్కకు వచ్చాయి. ఎందుకో ఇద్దరికీ అంతుపట్టలేదు. బెంగళూరులో ఒక విజ్ఞాన సంస్థ, సొంత ప్రశ్న ఉన్న బడిపిల్లలను ఎండాకాలం సెలవుల్లో పిలిచి, పరిశోధకుల పక్కన కూర్చోబెట్టి పని చేయిస్తుందని నజ్మా ఎక్కడో చదివింది. ఫోటోలు పంపింది. ఆ పని చూసే వైదేహి, మూడోసారి ఎండటాన్ని తన కళ్ళతో చూసి పల్లవిని తీసుకునేదీ లేనిదీ చెబుతానని రాసింది.

పల్లవి అమ్మానాన్నలు అప్పటికే గుంటూరు వైపు మిరప కోతలకు వలస పోయి ఉన్నారు, ఇక్కడ దాన్ని సుగ్గికి పోవడం అంటారు. వాళ్ళతో పొమ్మంటే పల్లవి పోలేదు, మట్టి ఎండుతోందని చెప్పి అవ్వ దగ్గర ఉండిపోయింది. ఊళ్ళో మిగిలిన కూలీలను టెంపోలో తీసుకుపోవడానికి వాళ్ళ నాయన సోమవారం వస్తున్నాడు. ఫోన్లో ఒకటే మాట చెప్పాడు: "ఆ మేడం నిన్ను తీసుకుంటాదంటే ఉండు. ల్యాదంటే టెంపో ఎక్కు. అవ్వకు నిన్ను సాకే శక్తి ల్యాదు."

ఇక హెడ్మాస్టరు రంగనాథ. మంచివాడే. ఆయనకు ఉన్న భయం ఒక్కటే, తనకు తెలియని సంగతి తన బడిలో జరుగుతోందని నలుగురికీ తెలుస్తుందని. నజ్మా మట్టి గురించి చెప్పినప్పుడు, "దీనికి మార్కులెన్నమ్మా?" అని మాత్రం అడిగాడు. "దీని బదులు అగ్నిపర్వతం బొమ్మ చేయించరాదా. పొగ వస్తుంది, అందరికీ కనపడుతుంది."

"అగ్నిపర్వతం మన ఊళ్ళో ల్యాదు సార్. నెర్రెలుండాయి" అంది నజ్మా. ఆయన ఆ తర్వాత ఏమీ అడగలేదు. అడిగితే తెలియదని తెలిసిపోతుంది.

శనివారం టీ హోటల్ దగ్గర బడి కమిటీ చైర్మన్ సోమప్ప కనిపిస్తే, రంగనాథ గొప్పగా, "సోమవారం బెంగళూరు నుంచి ఒక పెద్ద మేడం వస్తోంది. వంటగది వెనక గూటాలు కొట్టిన జాగా చూడటానికి" అన్నాడు.

సోమప్ప వెళ్ళి చూశాడు. నాలుగు మూలలా గూటాలు, చుట్టూ పురికోస. ఆ ఊళ్ళో పుట్టిన ఎవరికైనా దానికి ఒకటే అర్థం, అక్కడ గోడ లేస్తుంది. ఎనిమిదో తరగతి ఏళ్ళ తరబడి వరండాలో కూర్చుంటోంది. ఆయన పరుగున వెనక్కి వచ్చాడు.

"ఎన్ని రూములు సార్?"

రంగనాథ ఉలిక్కిపడ్డాడు. రూముల మాట ఆయన ఎరుగడు. కానీ చైర్మనే అడుగుతున్నాడంటే పైనుంచి ఏదో వచ్చే ఉంటుంది. "అది మేడం వచ్చి చెప్తుంది" అన్నాడు గంభీరంగా.

సార్ లెక్క దాచిపెడుతున్నాడంటే రూములు ఎక్కువే అయి ఉండాలని సోమప్ప నిర్ణయించుకున్నాడు. సోమవారమే భూమిపూజ అని ఊరంతా చెప్పాడు. ఊరు అంటున్నది విని రంగనాథకు ఇక అనుమానమే లేకుండా పోయింది.

ఆదివారం పొద్దున ఇద్దరూ జాగా దగ్గర నిలబడ్డారు.

"నెర్రెలిచ్చిన నేల మీద టెంకాయ కొడతారా సార్? కట్టినంక గోడ కూడా ఇట్లనే నెర్రెలిస్తాది" అన్నాడు సోమప్ప.

మధ్యాహ్న భోజనం వండే మల్లేశ్వరిని పిలిపించారు. ఆమె చూసి, "అలికేదానికి పేడ సాలదు సార్. ఊర్లో ఎద్దులు యాడుండాయి, అన్నీ ట్రాక్టర్లే" అంది. చేని గట్టు నుంచి నల్లమట్టి తెచ్చి, ఉన్న కొంచెం పేడ కలిపింది. ముందు నెర్రెలన్నీ చీమ దూరకుండా పూడ్చింది. తర్వాత వెనక్కి జరుగుతూ, చేత్తో అర్ధచంద్రాలు తిప్పుతూ మొత్తం నున్నగా అలికింది. సెలవు గనుక పల్లవి అటు రాలేదు; ఆదివారం ఎండంతా దానిమీదే పడింది.

సోమవారం పొద్దున ముగ్గు వేయడానికి వచ్చి చూస్తే, అలికిన నేల మళ్ళీ విచ్చి ఉంది. మల్లేశ్వరి మనసు చివుక్కుమంది. ముగ్గు వేస్తే కనపడదులే అనుకుని పెద్ద పద్మం మొదలుపెట్టింది. సగం అయ్యేసరికి పల్లవి వచ్చింది.

"ఏం సేస్తాండావ్ మల్లక్కా?"

"ముగ్గేస్తాండా. కనపడ్డంల్యా?"

"నా మట్టి యాడ?"

"మట్టి యాడికి పోతాది, కిందనే ఉండాది. నీ నెర్రెలన్నీ పూడ్చినా పాపా. నువ్వు దినామూ స్టూలెక్కి సూసుకుంటాండావు, పాపం పూడ్చుకోను సాతకాలేదేమో అని."

పల్లవి ఏడవలేదు. పురికోస దాటి, వెళ్ళి పద్మం నడిమధ్యలో కూర్చుంది.

"లెయ్యి మే, గీత చెడతాది."

"లెయ్యను."

రంగనాథ వచ్చి బుజ్జగించాడు. లేవలేదు. సంగతి సగం విని, సగం అర్థం చేసుకుని, గొంతు తగ్గించి ఒక ఉపాయం చెప్పాడు. "పాత ఫోటోలున్నాయి కదమ్మా. ఈ పొద్దున తీసినవని చూపించు. వచ్చే ఆమెకేం తెలుస్తుంది?"

"నాకు తెలుస్తాది గదా సార్."

ఇంతలో సోమప్ప వచ్చాడు. ఒక చేతిలో టెంకాయ, ఒక చేతిలో పసుపు రాసిన గడ్డపార, మెడలో తనకు కాని పూలదండ, వెనక ఊరు.

"ఏం పాపా, రూము వద్దా మీకు?"

"రూము కావాల. ఈడ కాదు. ముందర అంత జాగా ఉండాది, ఆడ కట్టు."

"గూటాలు ఈడ కొట్టినారు గదా."

"కొట్టింది నేనే."

ఊరంతా నవ్వింది. "తొమ్మిదో తరగతి పిల్ల గూటాలు కొడితే సర్కారు రూమిస్తాదంటనా" అన్నాడు సోమప్ప. ఆ పొద్దున ఆ జాగాలో ఎవరైనా పలికిన పూర్తి నిజం పల్లవి అన్న మాటొక్కటే. దాన్ని ఎవరూ నమ్మలేదు.

సరిగ్గా అప్పుడే వైదేహి గేటులోకి వచ్చింది. ఆమె సొంతూరు ఈ చుట్టుపక్కలే ఉన్న మాధవరం. ఈ దారులు తెలిసిన మనిషి గనుక బస్టాండు దాకా పోకుండా, ముందరి క్రాసులోనే దిగి షేర్ ఆటో ఎక్కి వచ్చేసింది. భుజాన సంచి, చేతిలో కొలత టేపు. టేపు చూడగానే సోమప్పకు సందేహాలన్నీ తీరాయి. దండ తీసి ఆమె మెడలో వేశాడు. గడ్డపార చేతికిచ్చాడు.

"మీ చేత్తో ఒక్క పోటు మేడం."

బడి వాళ్ళు ఇంత ముందుచూపుతో ఉంటారని వైదేహి అనుకోలేదు. "మంచిదే. లోపల ఎంత లోతు విచ్చిందో చూడాలనే అనుకుంటున్నా. ఎంతవరకు తవ్వనిస్తారు?"

"మీరెంతంటే అంత మేడం."

"ఎవురూ తవ్వగూడదు" అని ముగ్గులోంచి వినిపించింది.

"ఇంజినీరు మేడంకే ఎదురు సెప్తాండావే" అన్నాడు సోమప్ప.

"ఇంజినీరైతే పోయి రూము కట్టుకోమను. ఈ మట్టి సూసేదానికి వేరే మేడం వస్తాంది. ఆమె సూసేదాంక లెయ్యను."

తాను ఇంజినీరును కానని చెప్పబోయిన వైదేహి ఆగింది. దండ పక్కన పెట్టి, పురికోస ఇవతల గొంతుక్కూర్చుంది.

"ఆ మేడం వచ్చి ఏం చూస్తుంది? అంతా అలికేసినారు గదా."

"చెడిపోయింది. చెడిపోయిందనే సెప్తా."

"అట్ల చెప్తే నిన్ను తీసుకుంటుందా?"

గేటు బయట టెంపో హారన్ మోగింది. పల్లవి అటు చూసింది. వాళ్ళ నాయన దిగుతున్నాడు. వెనక మూటలు, బిందెలు, వాటి మధ్య కూర్చున్న మనుషులు.

"తీసుకోదు" అంది పల్లవి. "సుగ్గికి పోతా. పోయినా సరే, లేనిది ఉండాదని సెప్పను."

"సరే. పాతవి పోయినాయి. ఇప్పుడు నీ కిందున్నవి ఏమిటి?"

పల్లవి కోపంతో కూర్చుందే గానీ, తాను దేనిమీద కూర్చుందో అంతవరకు చూసుకోలేదు. ముగ్గుపిండి ఊది, వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"మావి మూలలు మూలలుగా వచ్చేవి. ఇవి వంపు తిరిగినాయి. అన్నీ ఒక పక్కకే." అరచేతిని నేలమీద ఆనించి, ఒక నెర్రె వెంబడి తిప్పింది. "మల్లక్క చెయ్యి ఎట్ల తిరిగిందో, అట్ల."

"నా చెయ్యేం సేసింది? మూడూర్లకు నేనే అలుకుతా" అంది మల్లేశ్వరి.

"చెయ్యి వల్లనేనని ఎట్ల చెప్తావు?" అంది వైదేహి.

"ఇంగో చదరం నేరుగా అలికించి సూడాల. ఇంగోటి ఊరికే ఇడిసిపెట్టాల. అప్పుడు సెప్తా. ఇప్పుడైతే తెలీదు."

ఆటో ఒకటి దుమ్ము రేపుకుంటూ వచ్చి ఆగింది. నజ్మా దాదాపు దూకింది. "వైదేహి మేడం, మీరు ఈడుండారా? నేను బస్టాండులో వచ్చిన ప్రతి బస్సూ ఎక్కి దిగినా."

రంగనాథ కళ్ళద్దాలు తీసి తుడిచాడు. సోమప్ప కొలత టేపు వైపు మళ్ళీ ఒకసారి చూశాడు.

"మీరు ఇంజినీరు కాదా మేడం?"

"కాదప్పా. మట్టి ఎట్ల విచ్చుతుందో చదువుతా."

"దానికి జీతమిస్తారా?"

"ఇస్తారు."

సోమప్ప తన చేను ఉన్న దిక్కుకు ఒకసారి చూశాడు. తర్వాత రంగనాథ వైపు తిరిగాడు. "మరి రూములు?"

"మీరే చెప్పారనుకున్నాను" అన్నాడు రంగనాథ.

"ఇప్పుడైనా లేస్తావా?" అని వైదేహి పల్లవిని అడిగింది. ఎదురుగా ఉన్నది ఎవరో పల్లవికి అప్పటికి తెలిసిపోయింది. అయినా కదల్లేదు.

"మీరు కూడా తవ్వనంటే లేస్తా."

వైదేహి గడ్డపారను సోమప్పకు తిరిగి ఇచ్చేసింది.

పల్లవి వాళ్ళ నాయన వైదేహి దగ్గరికి వచ్చి, చేతులు కట్టుకుని, "తీసుకుంటారా మేడం, ల్యాదా? టెంపో నిలబడింది" అన్నాడు.

"మే నెలలో తీసుకుపోతా. అంతవరకు ఈ పిల్ల ఈడనే ఉండాల. ఈ పని ఇంకొకరు చేసేది కాదు."

ఆయన నేలను చూశాడు. "మా చేన్లో ఇంతకంటే పెద్ద నెర్రెలుండాయి మేడం. సూసేదానికి ఒక్కరూ రాల్యా." టెంపో వైపు తిరిగి చూశాడు. "ఉండనీలే. మా అమ్మకు ఓపిక ల్యాదు, అదే దిగులు."

"పగలు బడిలో తింటాది. రాత్రికి నేనింత పెడతాలే" అంది మల్లేశ్వరి. "ముగ్గు తొక్కిన పిల్లను పస్తుపెట్టినా ముగ్గు రాదు గదా."

టెంపో పల్లవి లేకుండానే కదిలింది.

తర్వాతి వారం బెంగళూరు నుంచి ఉదయ్ అనే పరిశోధక విద్యార్థి కెమెరాతో దిగాడు. పల్లెటూరి పిల్లలకు అసలైన పరిశోధన అంటే ఏమిటో చూపించాలని వచ్చాడు. వచ్చిన రోజే పురికోస దాటి లోపల కాలు పెట్టి, పల్లవి చేత మాటలు పడ్డాడు. అలకడం నేర్చుకోబోతే, "నడుము వంచప్పా, కుర్చీలో కూర్చున్నట్ల కాదు" అని మల్లేశ్వరి మొట్టినంత పని చేసింది. అతను అలికిన చదరంలో నెర్రెలు ఏ దారీ లేకుండా వచ్చాయి. దాన్ని కూడా విడిగా ఫోటో తీయించింది పల్లవి. ఇప్పుడు వంటగది వెనక ఎక్కడ చూసినా చదరాలే. అన్ని గూటాలు చూసిన పక్క ఊరివాళ్ళు ఈ బడికి కాలేజీ వస్తోందని చెప్పుకుంటున్నారు. రంగనాథ అవునని గానీ కాదని గానీ అనలేదు. సోమప్ప మాత్రం ఊరి ముందు ఒకసారి రూము అన్నాడు గనుక, దాన్ని నిజం చేసేదాకా ఊరుకోనని ఆదోని ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాడు.

ఈ నెర్రెల సంగతి ఎప్పుడో ఒకరోజు అచ్చులోకి వస్తే, అందులో వైదేహి పేరుంటుంది, పల్లవి పేరుంటుంది. 'చేత్తో అలికిన చదరం' అని కూడా ఉంటుంది గానీ, ఆ చెయ్యి ఎవరిదో ఉండకపోవచ్చు. చదివేవాళ్ళు మల్లేశ్వరిని గుర్తుంచుకోండి. ఆమెకు మాత్రం మన జ్ఞాపకంతో పెద్ద పని లేదు, మిగిలిన సగం ముగ్గు వేసుకోనిస్తే చాలంటోంది.